మూడు గింజలు, ఒక్క మాట

నాన్న ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాదులో ఒక టెక్నాలజీ సదస్సులో, మా కంపెనీ స్టాలు ముందు, మెడలో కార్డు వేలాడేసుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాను. నవ్వడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. చుట్టూ ఒకటే హోరు. నాన్న గొంతు వినపడక తెర చాటుకు వెళ్లాను.

"అవ్వ పోయిందమ్మా. నిన్న మధ్యాన్నం, గబ్బూరుల" అన్నాడు.

"ఏ అవ్వ?" అన్నాను.

ఏ అవ్వో నాకు తెలుసు. తెలిసే అడిగాను. ఆ ఒక్క క్షణం వేరే ఎవరైనా అయితే బాగుండునని ఆశపడ్డాను, అంతే.

"ఏ అవ్వ ఏందే? మన మిల్లు అవ్వ" అన్నాడు నాన్న. నేను ఎప్పుడు బయలుదేరతానని అడగలేదు. వస్తానని నేనూ అనలేదు. అప్పటికే దహనం అయిపోయిందట. ఫోన్ పెట్టేసి, మళ్లీ స్టాలు ముందుకు వచ్చి, మళ్లీ నవ్వాను.

ఆమె చరిత్ర చెప్పమంటే నా దగ్గర నాలుగు వాక్యాలు కూడా లేవు. వయసెంతో ఆమెకే తెలియదు. భర్త ఎప్పుడు పోయాడో, రాయచూరికి ఎందుకొచ్చిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. గబ్బూరులో ఒక కూతురుందని మాత్రం తెలుసు. నాకు బాగా తెలిసింది ఆమె నోరు. నోరంటే తిట్లని కాదు, తిట్లూ బాగానే ఉండేవి. నేను చెప్తున్నది ఆమె పళ్ల గురించి.

నాన్న రాయచూరు ఊరి చివర ఒక బియ్యం మిల్లులో సూపర్‌వైజరు. మా తాత కూడా ఆ మిల్లులోనే చేశాడు. అక్కడ ఉప్పుడు బియ్యం తయారవుతుంది. వడ్లను నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, మిల్లు వెనక ఉన్న పెద్ద సిమెంటు కళ్లం మీద పరుస్తారు. పది మంది ఆడవాళ్లు చీరలు మోకాళ్ల దాకా ఎగదోపుకుని, వట్టి కాళ్లతో ఆ వడ్లలో సాళ్లు తీస్తూ అటూ ఇటూ నడుస్తారు. పచ్చిగా ఉండగానే మిల్లులో వేస్తే గింజ నలిగి ముద్దయిపోతుంది, నిలవ పెడితే వాసనొస్తుంది. ఎక్కువ ఎండిందా, ముక్కలై నూకలు తప్ప ఏమీ మిగలదు. ఈ రెంటికీ మధ్య సమయం చాలా కొంచెం. అది వచ్చిందో లేదో చెప్పేది ఆమె.

చెప్పే పద్ధతి ఒకటుండేది. కళ్లం అంచు నుంచి ఒక గింజ, నడిమి నుంచి ఒకటి, అడుగున సిమెంటుకు అంటుకుని ఉన్నచోటి నుంచి ఒకటి. మూడే, నాలుగోది ఉండదు. గోటితో పొట్టు ఒలిచి, కుడివైపు పళ్ల మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని కొరికేది. అప్పుడు కళ్లం మీద ఎవరూ మాట్లాడకూడదు, మిల్లు యజమాని సేటు కూడా. ఒలిచిన పొట్టు కింద పారేయకుండా కొంగు ముడిలో వేసుకునేది. గింజ పచ్చిగా ఉంటే ఏమీ అనదు, వెళ్లి నీడన బోర్లించిన గంప మీద కూర్చుంటుంది. అయ్యుంటే "ఎండినయ్" అంటుంది. ఒకసారే. ఆ మాట రాగానే పది మందీ చీపుళ్లు, గంపలు పట్టుకుని పరుగెత్తుతారు. అర గంటలో వడ్లన్నీ గోతాల్లో ఉంటాయి. ఆ మాటను ఆమె రెండోసారి అన్నది గానీ, వెనక్కి తీసుకున్నది గానీ మా తాత కూడా చూడలేదని నాన్న అనేవాడు.

సేటుకు తొందర. లారీ వచ్చి నిలబడితే ఆయన కాలు ఒకచోట ఆగేది కాదు.

"అవ్వా, లారీ వచ్చి గంటైంది. చెప్పరాదు జర."

"లారీకి పండ్లున్నయా? వచ్చి కొరుకుమను."

ఒకసారి నాన్న కూడా తొందరపెట్టాడట. దాదాపు అయిపోయినట్టే కదా అవ్వా, అన్నాడట. ఆమె గంప మీంచి లేచి, కళ్లం దిగి, చెప్పులేసుకుని ఇంటికి వెళ్లిపోయిందట. మర్నాడు నాన్నే వెళ్లి బతిమాలి తీసుకొచ్చాడు. "నా నోట్ల లేని మాట నేనెట్ల చెప్పాలె?" అందట దారి పొడుగునా. ఈ సంగతి నాన్న నవ్వుతూ చెప్పేవాడు, నేను నవ్వుతూ వినేదాన్ని.

ఆ కుడివైపు పళ్లను ఆమె చూసుకున్నట్టు ఎవరూ నగలను కూడా చూసుకోరు. జొన్నరొట్టె ఎడమవైపే నమిలేది. వక్క ఎడమవైపే. చాయ్ తాగినా తల ఎడమకు వంచి తాగేది. కొత్తగా వచ్చిన ఆడవాళ్లు అది చూసి నవ్వితే, "నవ్వుండ్రి, నవ్వుండ్రి. మీ పండ్లు రొట్టెకే. నాయి మిల్లుకు" అనేది. మబ్బు పడితే కన్నడంలో తిట్టేది, "హోగు, నిన్న మనెగె హోగు" అంటూ, మీ ఇంటికి పో అని ఎవరో బిచ్చగాణ్ని తరిమినట్టు. లారీ డ్రైవర్లతో ఉర్దూ. ఆడవాళ్లతో తెలుగు. ఎందుకట్లా అని అడిగితే, "మబ్బుకు తెలుగు అర్థమైతదా?" అని నన్నే ఎగాదిగా చూసింది. వడ్లు ఉన్నచోట చెప్పులేసుకోదు, మే నెలలో సిమెంటు కాలిపోతున్నా సరే. ఎవర్నీ వేసుకోనివ్వదు.

నేను ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా మా ఊళ్లోనే ఒక కాలేజీలో రెండు రోజుల టెక్నాలజీ సదస్సు జరిగింది. మరుసటి ఏడాదికి ఏదో ఒక ప్రాజెక్టు చేయాలి. నాకు ఒక్క ఆలోచన కూడా లేదు. మా లెక్చరరు గారు, "అక్కడికి పోండి, ప్రేరణ దొరుకుతుంది" అన్నారు. దుకాణంలో ఉప్పు దొరికినట్టు దొరుకుతుందనే అనుకుని వెళ్లాను. పేరు నమోదు చేసుకుంటే ఒక సంచీ, ఒక పెన్ను, ఒక కార్డు ఇచ్చారు. బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన గంటసేపు మాట్లాడాడు. ప్రేరణ ఎక్కడైనా ఉండొచ్చు, కళ్లు తెరిచి చూడండి అన్నాడు. నోటుబుక్కులో రాసుకుని కింద గీత కూడా గీశాను. తర్వాత స్టాళ్లన్నీ తిరిగాను. డ్రోన్లు చూశాను. మనం చెయ్యి ఊపితే నీళ్ల సీసా తెచ్చి ఇచ్చే రోబో చూశాను. దాని చుట్టూ అందరూ చెయ్యి ఊపుతున్నారు, నేనూ ఊపాను. రెండో రోజు సాయంత్రానికి సంచీ నిండింది గానీ నాలో ఏ కదలికా లేదు. ఇంత మంది మధ్య నాకొక్కదానికే ఏమీ తట్టడం లేదంటే నాలోనే ఏదో తక్కువని ఏడుపొచ్చింది.

ఇంటికి నాన్నతో స్కూటరు మీద పోదామని మిల్లుకు వెళ్లాను. అవ్వ గంప మీద కూర్చుని ఉంది. నేను చెప్పులు విప్పి ఆమె పక్కన కింద కూలబడ్డాను.

"మెడల ఏందే అది? పశువుకు కట్టినట్టు కట్టిన్రు" అంది కార్డు చూసి.

"సదస్సు అవ్వా. కొత్త కొత్త మిషన్లు చూపిస్తరు."

"రెండు దినాలు ఏం చూసినవ్?"

"నీళ్ల సీసా తెచ్చిచ్చే రోబో చూసిన."

"దానికి దూపైతదా?"

"దానికి కాదు. మనకు."

"మనం లేసి తాగొద్దా?" అంది. అని, జవాబు కోసం ఆగకుండా లేచింది.

అంచున ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి. కళ్లం మీద మాటలు ఆగిపోయాయి. చిన్నప్పట్నుంచీ వందసార్లు చూసిందే, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం చూశాను. ఆమె దవడ కదలడం, ఆగడం, కళ్లు తెరవడం చూశాను. "ఎండినయ్" అంది. పది మంది ఒక్కసారిగా కదిలారు. నా ఒళ్లు జలదరించింది. బెంగళూరాయన చెప్పింది ఇదే కాబోలనుకున్నాను. ఆమె పళ్లకు తెలిసింది ఒక యంత్రానికి తెలిసేలా చేయాలి. నా ప్రాజెక్టు దొరికింది. ఆనందంతో వెళ్లి ఆమె చేతులు పట్టుకుంటే, "పోరికి ఎండ తాకినట్టుంది, నీడకు పట్టుండ్రి" అంది పక్కవాళ్లతో.

ఆ తర్వాత ఆరేడు నెలలు సెలవు రోజులన్నీ కళ్లం మీదే గడిపాను. ఒక ప్లాస్టిక్ డబ్బా, దానికి రెండు ఇనుప కడ్డీలు. కడ్డీలను వడ్లలో గుచ్చితే డబ్బా మీద ఒక అంకె కనిపిస్తుంది. అవ్వ గింజ కొరికినప్పుడల్లా నేను కడ్డీలు గుచ్చి అంకె రాసుకునేదాన్ని. ఆమె "ఎండినయ్" అన్నప్పుడు ఏ అంకె ఉంటుందో పట్టుకోవాలని నా తాపత్రయం. ఆమె దాన్ని డబ్బి అనేది.

"నా పండ్లు పీకి నీ డబ్బిల పెడ్తవా ఏందే?"

"ఆఁ అవ్వా, నీ పండ్లే పెడ్తున్న."

"పెట్టు. నేను పోయినంక అదన్న కొరుకుతది."

బింకంగా అనేది గానీ, నేను పక్కకు వెళ్లినప్పుడు వంగి డబ్బి మీద అంకె చూసేదని మహాదేవి చెప్పింది. మహాదేవి కళ్లం మీద ఆమె తర్వాత పెద్దది. అవ్వకు అంకెలు చదవడం రాదు. అయినా చూసేదట.

ఆ నెలల్లోనే నాకు గుప్ప, అంటే కుప్ప పోసే సంగతి నేర్పింది. మిట్టమధ్యాహ్నం ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు, ఎవరికైనా వడ్లు ఇంకా ఎండనిద్దామనే అనిపిస్తుంది. ఆమె సరిగ్గా అప్పుడే అంతా ఊడ్పించి కుప్పలు పోయించి, గోతాలు కప్పించేది.

"ఎందుకవ్వా, ఎండ ఇంత మంచిగుంటే?"

"ఎండకు పైన పొట్టు ఎండుతది. లోపల గింజ ఎండుతదా? గుప్ప పొయ్యాలె, కప్పాలె, దానికి చెమట పట్టాలె. లోపలి తడి బయటికొచ్చినంక మళ్ల పరవాలె."

"ఎంతసేపు కప్పాలె?"

"సుమ్నె కూసో. అదే చెప్తది" అంది, ఊరికే కూర్చోమని.

నా డబ్బి పైపొట్టు తడినే చూస్తుందని నాకు రెండుసార్లు తెలిసింది. కుప్ప పోయకుండా గబగబా ఎండిన వడ్లలో గుచ్చితే అయిపోయిందనే చెప్పింది, అవ్వేమో పెదవి విప్పలేదు. నోటుబుక్కులో ఒక మూల రాసుకున్నాను, తర్వాత సరిచేద్దామని. ఆ తర్వాత అన్నది రాలేదు.

మరుసటి ఏడాది సదస్సుకు నా ప్రాజెక్టును వేదిక మీద చూపించడానికి ఎంపిక చేశారు. నిర్వాహకుల్లో ఒకాయనకు ఇంకో ఆలోచన వచ్చింది. యంత్రంతో పాటు ఆ అవ్వను కూడా తీసుకురండి, ఇద్దరికీ పోటీ పెడదాం, జనానికి బాగుంటుంది అన్నాడు. నాకూ నచ్చింది. అవ్వను ఒప్పించడం కష్టమనుకున్నాను గానీ ఆమె వెంటనే ఒప్పుకుంది. ఆకుపచ్చ చీర ఒకటి పెట్టెలోంచి తీసి కట్టుకుని, ఆ రోజు మిల్లు గేటు దగ్గర ఉదయం ఏడింటి నుంచే నిలబడి ఉందట.

సదస్సుకు ముందు మూడు రోజులూ రాయచూరు మీద మబ్బు. మిల్లులో కళ్లం ఖాళీగా ఉంది. నాకు రెండు పళ్లేల వడ్లు కావాలి, ఒకటి పచ్చివి, ఒకటి ఎండినవి. ఉడికించిన వడ్లు తెచ్చుకుని, పొద్దున లేచి జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో వాటిలో సగాన్ని ఎండబెట్టాను. కుప్ప పోయలేదు, కప్పలేదు. అంత సమయం లేదు. డబ్బి గుచ్చి చూస్తే సరైన అంకే వచ్చింది. నాకు కావలసింది ఆ అంకె. ఆమె ఇంకా రాయచూరు మబ్బును తిడుతూ ఆటోలో నా పక్కన కూర్చుంటే, ఒళ్లో పళ్లేలు పెట్టుకుని నేను నా ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నాను.

హాలు గుమ్మం దగ్గర ఆమె చెప్పులు విప్పేసింది. ఎందుకమ్మా అని ఒక వలంటీరు అడిగితే, "లోపల వడ్లున్నయి గదా" అంది. ఆ చల్లటి హాల్లో, ఎర్ర తివాచీ మీద వట్టి కాళ్లతో నడిచి వేదికెక్కింది. జనం చప్పట్లు కొట్టారు. వెనక పెద్ద తెర మీద ఆమె ముఖం కనపడితే తలెత్తి ఒకసారి చూసి, కొంగు సర్దుకుంది.

మొదటి పళ్లెం పచ్చి వడ్లు. డబ్బి పచ్చి అంది. అవ్వ కొరికి, ఏమీ అనకుండా ఊరుకుంది. "అంటే పచ్చివనే" అని నేను మైకులో వివరించాను. అందరూ నవ్వారు.

రెండో పళ్లెం. డబ్బి గుచ్చాను. ఎండినట్టు తెర మీద పచ్చ రంగు వెలిగింది. వేదిక కింద ముగ్గురు న్యాయనిర్ణేతలు, వాళ్లలో ఒకాయన పెద్ద కంపెనీ నుంచి వచ్చాడు. ఆయన ముందుకు వంగి చూస్తున్నాడు. నా చదువు, నా ఉద్యోగం, నాన్న నలుగురికీ చెప్పుకున్న గొప్పలు, అన్నీ ఆ పళ్లెంలో ఉన్నాయి.

అవ్వ అంచు నుంచి ఒక గింజ, నడుమ నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసుకుంది. కళ్లు మూసుకుంది. మొదటిది కొరికింది. రెండోది. మూడోదాని దగ్గర చాలాసేపు ఆగింది. నాలుగో గింజ తీసుకుంది. నేనెప్పుడూ చూడలేదు అది.

యాంకరు కుర్రాడు ఉషారుగా కన్నడంలో, "హేళి అజ్జీ, ఒణగిదెయా?" అన్నాడు, చెప్పండి అవ్వా, ఎండాయా అని.

ఆమె నా వైపు చూసింది. ఎంతోసేపు కాదు.

"ఎండినయ్" అంది.

హాలు మారుమోగిపోయింది. నాకు బహుమతి వచ్చింది. ఆ న్యాయనిర్ణేత వేదికెక్కి నాతో చెయ్యి కలిపి, అవ్వకు దండం పెట్టాడు. ఫోటోలు తీశారు. అంతా అయ్యాక సామాను సర్దుకుంటూ, ఎందుకో ఆ రెండో పళ్లెంలోంచి ఒక గింజ తీసి ఒలిచి కొరికాను. చప్పుడు కాలేదు. మెత్తగా నలిగి పళ్లకు అంటుకుంది. నీళ్లు తాగినా పోలేదు.

బయట మెట్ల మీద అవ్వ కూర్చుని ఉంది. భోజనం కూపను చేతిలో అలాగే ఉంది, తినలేదు. "పోదామా?" అంది. ఆటోలో దారంతా మాట్లాడలేదు. నేను ఏమైనా అడగొచ్చు. అడగలేదు. అప్పటికే నా ఫోనుకు అభినందనలు వస్తున్నాయి, వాటికి జవాబులిస్తూ కూర్చున్నాను. తలవంచుకోవడానికి అదొక సాకు.

రెండు రోజులకు ఎండ వచ్చింది, కళ్లం మీద మళ్లీ వడ్లు పడ్డాయి. సాయంత్రం నాన్న పిలిస్తే ఆమె గంప మీంచి లేవలేదట.

"మహాదేవిని అడుగుండ్రి."

"అదేంది అవ్వా?"

"నాకు తెలుస్తలేదు."

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. ముసలితనం వచ్చేసిందన్నాడు నాన్న. స్టేజీ ఎక్కినాక పొగరెక్కిందన్నాడు సేటు. మహాదేవి బెదురుతూ బెదురుతూ కొరకడం మొదలుపెట్టింది. అవ్వ చీపురు తీసుకుని అందరితో పాటు ఊడవసాగింది. గంప ఖాళీగా ఉండేది, కొన్నాళ్లు ఎవరూ దాని మీద కూర్చోలేదు, తర్వాత ఎవరెవరో కూర్చున్నారు. నెల తిరగకముందే సర్కారు దవాఖానాకు వెళ్లి కుడివైపు పళ్లు తీయించుకుంది. నొప్పి అని చెప్పిందట. నొప్పి లేదు గిప్పి లేదు, ముందురోజు దాకా మంచిగనే ఉండె అని మహాదేవి నాతో గట్టిగా అంది, నేను ఏదో చేయగలనన్నట్టు.

పత్రికలో మా ఫోటో వచ్చింది. యంత్రమూ అవ్వా ఒకే మాట చెప్పారని రాశారు. నాన్న దాన్ని కత్తిరించి అద్దం కట్టించి, మిల్లు ఆఫీసులో తగిలించాడు. ఆఫీసు పక్కనుంచే కళ్లానికి దారి. ఆమె రోజూ రెండు పూటలా ఆ ఫోటో ముందు నుంచి నడిచేది. నాన్నా, తీసేయమని నేను అనొచ్చు. అంటే ఎందుకని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. నేను నోరెత్తలేదు.

డబ్బిని మిల్లులో కొన్ని వారాలు వాడారు. ఒక సరుకు వాసనొచ్చింది. వానకు తడిసిందనుకున్నారు. నేను అప్పుడూ చెప్పలేదు. నాకు ఉద్యోగం ఆ ప్రాజెక్టు మీదే వచ్చింది. ఇంటర్వ్యూలో, వేదిక మీద తీసిన వీడియో వేసి చూపించమన్నారు. అవ్వ "ఎండినయ్" అనగానే బల్ల అవతలి నలుగురూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఎన్ని చోట్ల చెప్పానో ఆ కథ. సదస్సుల్లో చెప్పాను, కాలేజీ పిల్లలకు చెప్పాను. ప్రేరణ ఎక్కడైనా ఉంటుంది, కళ్లు తెరవండి అని బెంగళూరాయన మాటే నేనూ చెప్పాను. నాలుగో గింజ సంగతి ఎక్కడా చెప్పలేదు.

నాలో నేను మాత్రం ఒక మాట చెప్పుకునేదాన్ని. అవ్వ నా మీద ప్రేమతో, నేను అడక్కుండానే, నా పరువు కాపాడింది. తప్పు నాదే కావచ్చు, కానీ ఆ అబద్ధం ఆమె ఇచ్చిన కానుక. అలా అనుకుంటే కాస్త నిద్ర పట్టేది.

పోయిన ఏడాది సెలవు పెట్టి వచ్చినప్పుడు నాన్న బండి తీసుకుని గబ్బూరు వెళ్లాను. అప్పటికి ఆమె మిల్లు మానేసి కూతురి దగ్గరికి వచ్చేసి రెండేళ్లయింది. ఇంటి ముందు కందికట్టె పేర్చి ఉంది. దాని పక్కన మంచం మీద పడుకుని ఉంది. ఎంత చిన్నగా అయిపోయిందో. కుడి చెంప లోపలికి పోయింది. నన్ను గుర్తుపట్టి లేవబోయింది, నేను పట్టుకుని కూర్చోబెట్టాను. నాన్న ఎలా ఉన్నాడంది. మహాదేవి బరాబర్ చెప్తుందా అంది. చెప్తుంది, కానీ ఒక్కోసారి రెండుసార్లు అంటుంది అన్నాను. నోరంతా తెరిచి నవ్వింది.

చెప్పడానికే వెళ్లాను, చెప్పకుండా వచ్చేస్తానేమోనని భయం.

"అవ్వా, ఆ దినం రెండో పళ్లెంల వడ్లు ఎండలే. నాకు తెలుసు."

ఆమె నవ్వు ఆపింది. "నీకెట్ల తెల్సు?"

"తర్వాత కొరికి చూసిన."

"నీకూ తెల్సిందన్నట్టు" అంది. మంచం పట్టెను చేత్తో రాసింది. "నేను నీకు తెల్వదనుకున్న. పొల్ల అమాయకురాలు, గుప్ప పొయ్యడం మర్సింది అనుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న."

"మర్సిపోలే అవ్వా. టైం లేకుండె."

తల ఊపింది. కోపం లేదు ముఖంలో. కోపం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"మరి నువ్వెందుకు చెప్పినవ్ ఎండినయ్ అని?" అన్నాను. ఏడుస్తున్నాను అప్పటికి. "నేను నిన్ను అడగలే గదా. చెప్పకుండ ఊకుంటె అయిపోతుండె. రోజూ ఊకునేదానివి గదా."

"ఊకుందామనే అనుకున్న బిడ్డా" అంది. "గింజల దిక్కే చూస్కుంట నిలబడ్డ. ఇంకొకటి కొరుకుదాం, అదన్న ఎండుండొచ్చు అని ఇంకొకటి కొరికిన. అప్పుడు నువ్వు నా దిక్కు చూసినవ్."

నా గడ్డం పట్టి పైకెత్తింది.

"గట్ల చూస్తె ఎట్ల ఊకోవాలె చెప్పు?"

ఆమె నిజంగానే అడుగుతోంది. జవాబు కావాలన్నట్టు నా ముఖంలోకి చూస్తోంది. నేను ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. చూశాను. తెర మీద పచ్చ రంగు వెలుగుతుండగా, ఆమె నాలుగో గింజ కొరికి తలెత్తకముందే, నేనే ఆమె వైపు చూశాను.